లారీ కమాను పట్టీతో వంటింటి కత్తి చేయడం

దేవరకొండలో మాది మూడు తరాల కొలిమి. నాన్న నాగలి కర్రులు, కొడవళ్లు సాగదీసిన దాకలి మీదే నేను వంటింటి కత్తులు చేస్తున్నాను. కత్తి పనితనమంతా సుత్తి దెబ్బలోనే ఉందని చాలామంది అనుకుంటారు. దెబ్బ ఆకారాన్ని మాత్రమే ఇస్తుంది. టమాటా నలగకుండా తెగాలన్నా, పదును నెలల తరబడి నిలవాలన్నా అసలు పని సెగది, చల్లార్చే తీరుది.

ఇంటి కట్టుబడికి వాడే మామూలు ఇనుప కడ్డీ దీనికి పనికిరాదు. అందులో కర్బనం తక్కువ, ఎంత కాల్చి ముంచినా గట్టిపడదు. లారీ కమాను పట్టీలో కర్బనం 0.5 నుంచి 0.6 శాతం దాకా ఉంటుంది. సాగర్ రోడ్డులో కొండమల్లేపల్లి వైపు మెకానిక్ షెడ్లలో పాత పట్టీలు దొరుకుతాయి. విరిగిన పట్టీ మాత్రం తీసుకోవద్దు. విరిగిన చోటికి దూరంగా కూడా కంటికి కనబడని పగుళ్లు ఉండవచ్చు.

పట్టీని ఎర్రగా కాల్చి రాత్రంతా బూడిదలో పాతిపెడితే కోయడానికి వీలుగా మెత్తబడుతుంది. ముక్క కోసుకుని, నారింజ రంగు వచ్చేదాకా కాల్చి సాగదీయండి. రంగు మసక ఎరుపులోకి దిగగానే సుత్తి ఆపి మళ్లీ కొలిమిలో పెట్టాలి. వెన్ను మూడు మిల్లీమీటర్లు, అంచు ఒక మిల్లీమీటరు ఉంచండి. అంచును ఇప్పుడే పలచన చేస్తే నూనెలో ముంచినప్పుడు వంకర పోతుంది.

తర్వాత అయస్కాంతం అంటుకోనంత వేడి చేసి గాలికి ఆరనివ్వండి. ఇలా మూడుసార్లు చేస్తే దెబ్బలకు చెదిరిన ఉక్కు రేణువులు సన్నబడి సర్దుకుంటాయి. ఈ పని నీడలోనే చేయాలి. "ఎండలో ఇనుము రంగు అబద్ధం చెబుతుంది" అనేవాడు నాన్న. నేను ఇప్పటికీ పొద్దు గూకాకే ఈ పనికి కూర్చుంటాను.

ఇక అసలు ఘట్టం. అయస్కాంతం వదిలేది సుమారు 770 డిగ్రీల దగ్గర. అక్కడి నుంచి రంగు ఇంకొంచెం వెలిగి 830 డిగ్రీల ప్రాంతానికి రావాలి. కత్తి అలుగంతా ఒకే రంగులో ఉండాలి, మొన మాత్రమే తెల్లబడితే పని చెడినట్టే. చేతికి ఓర్చుకోలేనంతగా, 60 డిగ్రీల దాకా వెచ్చచేసిన వేరుశనగ నూనెలో నిట్టనిలువుగా ముంచి పైకీ కిందికీ ఆడించండి. పక్కలకు ఆడిస్తే వంగుతుంది. నీళ్లలో ముంచితే ఈ ఉక్కు పగిలే ప్రమాదం ఉంది. నూనె భగ్గున అంటుకోవచ్చు కాబట్టి డబ్బాకు ఇనుప మూత దగ్గరే ఉంచుకోండి. చల్లారాక అంచు మీద ఆకురాయి పెట్టి చూడండి. కొరకకుండా గాజు మీద జారినట్టు జారితే ఉక్కు గట్టిపడినట్టు.

కానీ అప్పుడది గాజంత పెళుసు కూడా. నేను మొదట చేసిన కత్తికి ఆ రాత్రి ఓపిక లేక తర్వాతి సెగ చూపలేదు. మర్నాడు అది అమ్మ చేతిలోంచి షాబాదు బండ మీద జారి రెండు ముక్కలైంది. విరిగిన చోట బూడిద రంగు ఇప్పటికీ నాకు కళ్లముందే ఉంది. అందుకే ముంచిన గంటలోపే ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు, చల్లారాక మళ్లీ రెండు గంటలు ఉంచండి. ముందే ఒకచోట తళతళలాడేలా రుద్ది పెట్టుకుంటే, సెగ సరిపడా తగిలిందనడానికి గుర్తుగా అక్కడ ఎండుగడ్డి రంగు తేలుతుంది.

సానపట్టేటప్పుడు చేతికి తొడుగు వద్దు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. వేడి వేలికి తెలియగానే నీళ్లలో ముంచండి. అంచున నీలం రంగు కనిపిస్తే అక్కడ గట్టిదనం పోయినట్టే. చివరి పదునుకు ఒక్కో వైపు 15 డిగ్రీలు చాలు. పిడికి తుమ్మ కర్ర పలకలు, రెండు ఇత్తడి రివెట్లు.

ఇది స్టెయిన్‌లెస్ కాదు. బత్తాయి, నిమ్మ, చింతపండు తగిలితే నల్లబడుతుంది. ఆ నలుపు తుప్పు కాదు, దాన్ని తోమకండి. కోసిన వెంటనే కడిగి పొడిగుడ్డతో తుడిచి, వారానికోసారి రెండు చుక్కల నూనె రాయండి.