మూడే కారణాంకాలు: నేను రెండుసార్లు తప్పిన లెక్క
"100 లోపు సరిగ్గా మూడు కారణాంకాలున్న సంఖ్యలెన్ని?" మాక్ టెస్టుల్లో ఈ ప్రశ్న నన్ను రెండుసార్లు ముంచింది. మొదటిసారి 2 నుంచి వరసగా రాసుకుంటూ పోయా, టైమైపోయింది. రెండోసారి మహా తెలివిగా, 1ని వదిలేసి మిగతా వర్గసంఖ్యలన్నీ లెక్కేసి 8 అని పెట్టా. తప్పే!

ఇంటికొచ్చి 16 దగ్గర ఆగి చూశా: 1, 2, 4, 8, 16. ఐదున్నాయి. కారణాంకాలు జంటలుగా వస్తాయి కదా, బేసి లెక్క రావాలంటే ఒకటి తనతో తనే జత కట్టాలి. అందుకే వర్గం. కానీ మూడింటితో ఆగాలంటే ఆ వర్గమూలం ప్రధాన సంఖ్య అయి తీరాలి. 4, 9, 25, 49. నాలుగే.

ఇప్పుడు 1000 లోపు అడిగినా భయం లేదు. 31 వర్గం 961, 32 వర్గం 1024. కాబట్టి 31 వరకూ ప్రధాన సంఖ్యలు లెక్కపెడితే చాలు, 11 వస్తాయి.