మిగిలిన కాన్వాసుతో ఆరుబయటి సామగ్రి కుట్టే ముందు

పాత గుడారం నుంచి విప్పిన గుడ్డ గానీ, పెద్ద పని ముగిశాక మిగిలిన ముక్కలు గానీ చేతిలో ఉన్నప్పుడు వాటితో సంచులు, నేల పట్టాలు, పనిముట్ల చుట్టలు (పనిముట్లను ఉంచి చుట్టేసే గుడ్డలు) కుట్టుకోవాలనిపించడం సహజం. అయితే వానలోనూ గాలిలోనూ వాడవలసిన వస్తువును ఏ గుడ్డతో కుడుతున్నామో ముందుగా తెలుసుకోవాలి. పైకి దళసరిగా కనిపించే కాన్వాసు లోపల ఎంతో బలహీనపడి ఉండవచ్చు. అందుచేత కత్తెర పట్టుకోవడానికి ముందు గుడ్డను పరీక్షించడమే మొదటి జాగ్రత్త.

గుడ్డను వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే సూదిమొనంత రంధ్రాలు, పలచబడిన చోట్లు బయటపడతాయి. తరువాత రెండు బొటనవేళ్లను పక్కపక్కనే నొక్కి పట్టి పడుగు (నిలువు పోగుల) వెంట ఒకసారి, పేక (అడ్డ పోగుల) వెంట ఒకసారి గట్టిగా లాగాలి. చిటపట శబ్దంతో పోగులు తెగితే ఆ భాగాన్ని నిస్సందేహంగా పక్కన పెట్టాలి. ఏళ్ల తరబడి ఎండ తగిలిన నూలు పోగు బలం కోల్పోతుంది కనుక రంగు వెలిసిన చోట్లను, మడతల గీతలను ప్రత్యేకంగా చూడాలి. బూజు నల్లని చుక్కలుగా కనిపించినా అది పైపై మరక మాత్రమే కాదు, నూలునే ఆహారంగా తీసుకుని లోలోపల తినేస్తుంది. దానిని ఆరుబయట, ముక్కుకూ నోటికీ మాస్కు కట్టుకుని బ్రష్షుతో దులపాలి. మరక పోగొట్టాలని క్లోరిన్ బ్లీచు వాడితే మిగిలిన బలం కూడా పోతుంది. ఇంతకు ముందు ఏ రంగు, ఏ రసాయనం పూశారో తెలియని గుడ్డను ఆహార పదార్థాలు ఉంచే సంచికి వాడకపోవడం మంచిది.

ఏ వస్తువు కుట్టాలన్నది ఈ పరీక్ష తరువాతే నిర్ణయించుకోవాలి. గుడారపు మేకుల సంచి, పనిముట్ల చుట్ట, కూర్చోవడానికి పరిచే పట్టా వంటివి చిరిగినా ప్రమాదం లేదు. ఊయల, మడత కుర్చీ ఆసనం వంటి మనిషి బరువు మోసే వస్తువులను మాత్రం పాత గుడ్డతో కుట్టవద్దని గట్టిగా చెబుతాను. ముఖ్యంగా పిల్లల ఊయల విషయంలో ఇందుకు మినహాయింపు ఉండకూడదు. కొత్త నూలు కాన్వాసు తడిస్తే కుదించుకుపోతుంది. కనుక ఉతికి ఆరబెట్టిన తరువాతే కొలత తీసుకోవాలి.

చదరపు గజానికి 10 ఔన్సులు, అంటే చదరపు మీటరుకు సుమారు 340 గ్రాములు తూగే కాన్వాసును ఇంట్లోని కుట్టు మిషనుతోనే కుట్టవచ్చు. అయితే 100 లేదా 110 నంబరు సూది వేసుకోవాలి. నాలుగైదు పొరలు కలిసే చోట మోటారును నమ్మకుండా చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పాలి. విరిగిన సూది ముక్క కంటిలోకి ఎగిరే అవకాశం ఉన్నందున కళ్లద్దాలు పెట్టుకోవాలి. కుట్ల మధ్య 3 నుంచి 4 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. మరీ దగ్గరగా వేస్తే సూది రంధ్రాల వరుస వెంటే గుడ్డ చిరుగుతుంది. సంచి పట్టీలను అంచు మడతలో దూర్చి ఒక్క కుట్టుతో వదిలేయకుండా, చతురస్రంగా కుట్టి, దాని లోపల ఏటవాలుగా రెండు గీతలు కుట్టాలి. ఐలెట్లు, అంటే తాడు దూర్చే రింగులు, వేసే మూలలకు అదనంగా రెండు పొరలు చేర్చాలి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ అవసరమైనది నీరు దిగకుండా మైనం పట్టించే పని. పారాఫిన్‌ను, తేనెమైనాన్ని ఎప్పుడూ నేరుగా మంట మీద కరిగించకూడదు. నీళ్లు ఉన్న పెద్ద గిన్నెలో చిన్న గిన్నె ఉంచి సన్నని సెగ మీద కరిగిస్తూ, పూర్తయ్యేదాకా అక్కడి నుంచి కదలకూడదు. ఒకవేళ మైనం అంటుకుంటే నీళ్లు పోయడం వల్ల మంట చుట్టూ చిమ్ముతుంది కనుక, పొయ్యి ఆర్పి మూత బోర్లించాలి. కొందరు మైనంలో అవిసె నూనె కలుపుతారు. ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి పడేస్తే లోపల వేడి పెరిగి వాటంతట అవే రాజుకుంటాయని చాలామందికి తెలియదు. వాటిని ఆరుబయట విడివిడిగా పరిచి పూర్తిగా ఆరనివ్వాలి, లేదా నీళ్లలో ముంచి మూత ఉన్న లోహపు డబ్బాలో ఉంచాలి.

మైనం పట్టిన కాన్వాసు సులభంగా అంటుకుంటుంది కాబట్టి పొయ్యికి గాలి అడ్డుగా గానీ, వేడి గిన్నె పట్టుకునే గుడ్డగా గానీ పనికిరాదు. దానిని యంత్రంలో వేడిగాలితో ఆరబెట్టకూడదు. అటువంటి గుడ్డతో మూసిన చోట లోపల పొయ్యి వెలిగిస్తే మంట భయంతో పాటు, వాసన కూడా లేని కార్బన్ మోనాక్సైడ్ చేరి ప్రాణాలు తీయగలదు. వంట ఎప్పుడూ బయటే చేసుకోవాలి.

పైకప్పుగా కట్టే గుడ్డకు ఒక వైపు వాలు ఇవ్వకపోతే వాన నీరు మధ్యలో నిలిచి, ఆ బరువుకు ఐలెట్లు ఊడిపోతాయి. నూలు తాళ్లు తడిస్తే బిగుసుకుంటాయి కనుక కొంత వదులుగా కట్టాలి. గుడారం కింద పరిచే పట్టా అంచులు గుడారం దాటి బయటికి రాకూడదు. వస్తే పైనుంచి జారిన నీరంతా పట్టా మీదుగా లోపలికి చేరుతుంది. ప్రయాణానికి ముందే ఇంటి వద్ద గుడ్డను కట్టి, పది నిమిషాల పాటు నీళ్లు చల్లి, కుట్ల వెంట తడి దిగుతుందేమో చూసుకోవాలి. ఆ తరువాత మడిచే ముందు మూలలను, పట్టీల మొదళ్లను చేత్తో తడిమి చూడాలి. గుడ్డ మధ్యభాగం ఆరిపోయినా, నాలుగు పొరలు కలిసిన చోట తడి మరొక పూట వరకు నిలిచి ఉంటుంది.