పేరులో బంగారాన్ని పట్టే చిట్కా

జీవశాస్త్రం చదివే పిల్లలు శాస్త్రీయ నామాలను బట్టీ పట్టలేక బేజారవుతుంటారు. రెండు మాటలు గుర్తుంచుకుంటే కొంత బరువు తగ్గుతుంది: గ్రీకు ‘క్రైసోస్’, లాటిన్ ‘ఆరమ్’. రెండూ బంగారమే. రసాయనశాస్త్రంలో బంగారానికి ‘ఏయూ’ అనే గుర్తు ఈ ఆరమ్ నుంచే వచ్చింది.

పేరు మొదట్లో క్రైసో, క్రిస్ కనిపిస్తే పసిడి ఛాయ కోసం వెతకండి. చేమంతి క్రిసాంతిమమ్, అంటే బంగారు పువ్వు. తెల్ల చేమంతీ అదే పేరు మోయాల్సి వచ్చింది, పాపం! వట్టివేరు ప్రజాతి క్రైసోపోగాన్, బంగారు గడ్డం. సీతాకోకచిలుక ప్యూపాను క్రిసాలిస్ అని ఎందుకన్నారో తెలియాలంటే గన్నేరు ఆకుల అడుగున చూడండి. కామన్ క్రో అనే నల్లటి సీతాకోకచిలుక ప్యూపా అక్కడ మెరుగు పెట్టిన లోలాకులా తళతళలాడుతూ వేలాడుతుంది.

ఆరమ్ వైపు వస్తే నక్క కేనిస్ ఆరియస్, గోల్డ్‌ఫిష్ కరాసియస్ ఆరేటస్. చీముగడ్డలు లేపే బ్యాక్టీరియా స్టెఫిలోకాకస్ ఆరియస్‌కూ బంగారు పేరే. ప్రయోగశాలలో పెంచితే దాని గుంపులు పసుపు రంగులో కనిపిస్తాయి మరి.

ఒక్కచోట జాగ్రత్త. ‘ఆరిక్యు’ అని ఉంటే అది బంగారం కాదు, చెవి. రోడ్ల పక్కన పెంచే అకేసియా ఆరిక్యులిఫార్మిస్ పసిడి రంగు పూలతో ఇట్టే బోల్తా కొట్టిస్తుంది. ఆ పేరు పూలను బట్టి రాలేదు, చెవిలా మెలితిరిగిన కాయలను బట్టి వచ్చింది.