చెయ్యి తిరగాలంటే సాధన ఎలా చెయ్యాలి

ఏ పనిలోనైనా చెయ్యి తిరగాలంటే 10,000 గంటలు కావాలి అని అందరూ అంటుంటారు కదా. ఆ అంకె బెర్లిన్‌లో వయొలిన్ నేర్చుకునే స్టూడెంట్స్ మీద సైకాలజిస్ట్ ఆండర్స్ ఎరిక్సన్ వాళ్ళు 1993లో రాసిన పేపర్ నుంచి వచ్చింది, అందరికంటే బాగా వాయించేవాళ్ళు 20 ఏళ్ళొచ్చేసరికి ఒంటరిగా కూర్చుని చేసిన సాధన సగటున అంత అని. సగటు మాత్రమే, అది దాటితే చాలు వచ్చేస్తుందని కాదు. ఇరవై ఏళ్ళుగా బండి నడుపుతూ మొదటి ఏడాది ఎలా నడిపారో ఇప్పుడూ అలాగే నడిపేవాళ్ళు ఎంతమంది లేరు! పని చెయ్యడం వేరు, సాధన వేరు.

నేను కీబోర్డ్ నేర్చుకునేటప్పుడు సీ మేజర్ స్కేల్ (మన సరిగమల్లాంటి స్వరాల వరస, సీ, డీ, ఈ, ఎఫ్ అంటూ సాగుతుంది) రోజూ మొదట్నుంచి చివరిదాకా వాయించేసేదాన్ని, నెలలు గడిచినా అదే చోట తడబాటు. కుడి చేత్తో సీ, డీ, ఈ అయ్యాక బొటనవేలు మిగతా వేళ్ళ కిందనుంచి దూరి ఎఫ్ మీద పడాలి, నాకు అక్కడ మోచెయ్యి పైకి లేచిపోయేది, స్వరం గట్టిగా మోగేది. మా టీచర్ గారు చూసి మొత్తం ఆపించి ఆ రెండు స్వరాలే, ఈ, ఎఫ్, ఈ, ఎఫ్, తప్పు రానంత నెమ్మదిగా వాయించమన్నారు. పది రోజుల్లో ఆ తడబాటు పోయింది.

కాబట్టి మీరు కూడా ముందు ఎక్కడ తప్పుతోందో పట్టుకోండి. "నాకు బౌలింగ్ రావట్లేదు" అంటే ఏం లాభం లేదు, "బంతి వదిలేటప్పుడు తల పక్కకి పడిపోతోంది" అనగలిగితే అప్పుడు దాన్ని సరిచెయ్యొచ్చు. మనది మనకి కనపడదు, అందుకే ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వెంటనే చూసుకోండి, వారం తర్వాత కాదు. చూసి చెప్పే గురువు దొరికితే అంతకంటే కావాల్సింది లేదు.

ఆ ముక్క కుదిరాక అక్కడే ఉండిపోవద్దు, కొంచెం స్పీడో కష్టమో పెంచండి. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఒక స్టూడెంట్‌కి అంకెలు ఒక్కోటి చదివి వినిపించి తిరిగి చెప్పమనేవాళ్ళు, సరిగ్గా చెప్తే తర్వాతి సారి ఒక అంకె ఎక్కువ, తప్పితే తక్కువ. 7 అంకెలతో మొదలైనవాడు 230 గంటలు దాటేసరికి 79కి వెళ్ళాడు (ఇది 1980లో అచ్చయింది). అతను రన్నర్, అంకెల్ని పరుగు పందెం టైమింగుల్లా గుర్తుపెట్టుకున్నాడు. అంకెల బదులు అక్షరాలు ఇస్తే మళ్ళీ 6 దగ్గరికి పడిపోయాడు, అంటే జ్ఞాపకశక్తి మొత్తం పెరిగిపోలేదన్నమాట, ఏది సాధన చేశాడో అదే వచ్చింది. అందుకే మీకు ఏది కావాలో సరిగ్గా అదే చెయ్యండి, దాని చుట్టుపక్కలవి కాదు.

టైమ్ గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు, మనసు పూర్తిగా పెట్టి చేస్తే గంటకే అలిసిపోతారు, ఆపేసి నిద్రపోండి, ఆ బెర్లిన్ వాళ్ళలో బాగా వాయించేవాళ్ళు మధ్యాహ్నం కూడా పడుకునేవాళ్ళు.

సాధన ముగించి లేచే ముందు మాత్రం రేపు ఎక్కడ మొదలెట్టాలో ఒక్క లైన్ రాసి పెట్టుకోండి. ఇవాళ నాది: ఎడమ చెయ్యి, పైకి వెళ్ళేటప్పుడు బొటనవేలి మీదుగా మూడో వేలు లేటు.