పెద్దయ్యాక ఒడియా అక్షరాలు మెదడుకెక్కించడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడిలోనో బరంపురంలోనో ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా గడగడా మాట్లాడేస్తూ, బస్సు బోర్డు దగ్గరికొచ్చేసరికి మాత్రం పక్కవాళ్లని అడిగేవాళ్లు మనలో బోలెడంతమంది. శ్రీకాకుళం వైపు నుంచి కోడళ్లుగా వచ్చినవాళ్లయితే మరీను. "ఈ వయసులో ఏం ఎక్కుతాయి" అంటారు గానీ, ఎక్కుతాయి. మెదడులో ఉన్న సుమారు 8,600 కోట్ల న్యూరాన్ల (నాడీకణాల) మధ్య కనెక్షన్లు, అంటే సినాప్సులు, ముసలితనంలోనూ మారుతూనే ఉంటాయి.

ముందుగా, అక్షరమాల మొత్తం పట్టుకోకండి. రోజూ కళ్లబడే మాటల్లోంచి నాలుగైదు అక్షరాలు చాలు. ఉదాహరణకు 'పిఠా', అంటే ఒడియావాళ్ల పిండివంట. ఒడియా ఠ అచ్చం మన సున్నలా గుండ్రంగా ఉంటుంది, మనవాళ్లు దాన్ని చూడగానే సున్న అనేస్తారు, ఎందుకంటే ఆ ఆకారానికి ఆ పేరు చిన్నప్పుడే గట్టిపడిపోయింది. అందుకని దాన్ని విడిగా బట్టీ పట్టకుండా మాట మొత్తం చూస్తూ, పైకి అంటూ, చేత్తో రాయండి. ఒక న్యూరాన్ పదేపదే ఇంకోదాన్ని రేపుతుంటే వాటి మధ్య బంధం బలపడుతుందని డొనాల్డ్ హెబ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1949లోనే ఊహించాడు. 1973లో బ్లిస్, లోమో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కుందేళ్ల హిప్పోకాంపస్‌లో, అంటే జ్ఞాపకాలకి ముఖ్యమైన మెదడు భాగంలో, అలాంటి బలపడటాన్నే కొలిచి చూపించారు. లోపల జరిగేది ఏమిటంటే, అవతలి కణం గ్లుటమేట్ అనే సంకేత రసాయనం వదులుతుంది, అదే సమయానికి ఇవతలి కణం కూడా చురుగ్గా ఉంటే లోపలికి కాల్షియం వస్తుంది, దాంతో ఆ చోట గ్లుటమేట్‌ని అందుకునే రిసెప్టార్లు పెరుగుతాయి. మరుసటిసారి అదే సంకేతానికి జవాబు గట్టిగా వస్తుంది.

తర్వాతది అన్నిటికన్నా ముఖ్యం, జనం ఎగ్గొట్టేదీ ఇదే. చూసి రాయడం తగ్గించి, మూసి గుర్తుతెచ్చుకోండి. స్టేషన్‌లో హిందీ, ఇంగ్లీషు పేర్ల వైపు చూపు పోనివ్వకుండా ముందు ఒడియా లైను చదవండి, తప్పో ఒప్పో పైకి అనేసి అప్పుడు సరిచూసుకోండి. 2006లో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో, మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత చూస్తే చదవడం ఆపి గుర్తుతెచ్చుకున్నవాళ్లే గెలిచారు. చదువుతుంటే వచ్చేసినట్టే ఉంటుంది, అదే మోసం. ఒడియా ఉ, డ లాంటి ఒకేలా కనిపించే కవలల్ని మాత్రం పక్కపక్కనే పెట్టి, ఏది ఏదో కలగలిపి మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి.

రోజుకో పావుగంట. ఆదివారం మూడు గంటలు కూర్చుని మిగతా వారమంతా వదిలేస్తే పెద్దగా మిగలదు. 2000లో నోబెల్ అందుకున్న ఎరిక్ కాండెల్ సముద్రపు నత్తల మీద చూసింది ఇదే, ఒకే దమ్ములో ఇచ్చిన శిక్షణ కన్నా రోజుల మీద విడగొట్టి ఇచ్చింది ఎక్కువకాలం నిలిచింది. ఆ మార్పు నిలవాలంటే కణం కొత్త ప్రోటీన్లు తయారుచేసుకోవాలి, కొత్త సినాప్సులు మొలవాలి, దానికి టైమ్ పడుతుంది. రాత్రి నిద్ర కూడా ఈ లెక్కలోదే, టీవీ సీరియళ్ల కోసం దాన్ని కోసుకోకండి.

కొంచెం వచ్చాక మానేస్తే? 2004లో బంతులు ఎగరేసి పట్టే విద్య మూడు నెలలు నేర్చుకున్నవాళ్ల మెదడు స్కాన్లలో కొన్ని భాగాలు పెరిగినట్టు కనిపించింది, సాధన ఆపాక అవి మళ్లీ తగ్గాయి. కాబట్టి అక్షరాలు పట్టుబడగానే కొట్టు బోర్డులు, గోడ ప్రకటనలు, రేషన్ కార్డు మీద మీ పేరు, ఏది దొరికితే అది చదవండి. ఒత్తుల జోలికి మాత్రం తొందరపడి వెళ్లొద్దు. మన ఒత్తు కింద బుద్ధిగా కూర్చుంటుంది, ఒడియాలో కొన్ని జంటలు కలిశాక అసలు అక్షరాలే గుర్తుపట్టలేం, వాటిని రెండో నెలకి ఉంచుకోండి.