ఇంటి నెట్‌వర్క్ నేర్చుకుందాం – 4వ పాఠం: రెండో రౌటర్‌ని కలపడం

పోయిన పాఠంలో హాల్లోని ఫైబర్ బాక్స్ దగ్గర్నుంచి వెనక బెడ్‌రూమ్ దాకా క్యాట్ 6 కేబుల్ లాగాం. దాని కొస ఇంకా మంచం పక్కన ఊరికే పడి ఉంది. ఈరోజు దానికి రెండో రౌటర్ తగిలిస్తాం. పని మొత్తం అరగంట. కానీ అందులో ముందు చేయాల్సింది వెనక, వెనక చేయాల్సింది ముందు చేస్తే సాయంత్రం దాకా టెన్షన్ తప్పదు. అందుకే ఈ పాఠంలో వరసకే ఎక్కువ చోటిస్తున్నాను.

బెంగళూరులో మనవాళ్ల ఇళ్లలో రెండో రౌటర్‌కి కొదవుండదు. మారతహళ్లి నుంచి కేఆర్ పురానికో, అక్కణ్నుంచి వైట్‌ఫీల్డ్‌కో ఇల్లు మారినప్పుడల్లా నెట్ కనెక్షనూ మారుతుంది, మనం డబ్బులిచ్చి కొన్న పాత రౌటర్ లాఫ్ట్ మీదికి చేరుతుంది. దాన్ని దించి దుమ్ము దులపండి. లేదంటే ఎస్పీ రోడ్డుకి వెళ్లి మామూలుది ఒకటి తెచ్చుకోండి. పోర్టులు గిగాబిట్‌వా (అంటే 1000 ఎంబీపీఎస్‌వా) కాదా అన్నది మాత్రం తప్పకుండా అడగండి. చౌక రౌటర్లలో చాలావాటికి పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే ఉంటాయి. మీరు 300 ప్లాన్‌కి కడుతున్నా ఆ గదిలో 95 దాటదు, తప్పు కేబుల్‌దేమో అని మీరు కేబుల్‌ని తిట్టుకుంటారు.

మా పై అంతస్తులో మదనపల్లె వాళ్లుంటారు. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే అతను కిందికొచ్చి, "అన్నా, నెట్ నా ఫోన్లో వస్తోంది, మా ఆవిడ ఫోన్లో రావట్లేదు. వైఫై మాత్రం ఇద్దరికీ ఫుల్లుగా చూపిస్తోంది" అన్నాడు. పైకెళ్లి చూస్తే, ముందురోజు రాత్రి కొత్త రౌటర్ తెచ్చి, కేబుల్ గుచ్చి, స్విచ్ వేసి వదిలేశాడు. సెట్టింగ్స్ జోలికే వెళ్లలేదు.

ఇద్దరి ఫోన్లూ టీపాయ్ మీద పక్కపక్కన పెట్టాం. 2వ పాఠంలో చేసినట్టే, కనెక్ట్ అయిన వైఫై పేరు మీద నొక్కి వివరాలు తెరిచాం. అతని ఫోన్లో ఐపీ అడ్రస్ 192.168.1.37, గేట్‌వే 192.168.1.1. ఆమె ఫోన్లో ఐపీ అడ్రస్ 192.168.0.104, గేట్‌వే 192.168.0.1. జబ్బు అక్కడే దొరికిపోయింది. ఒకే ఇంట్లో ఇద్దరికి రెండు వేర్వేరు దారులు చూపించారు. అందులో రెండోది ఎటూ పోని దారి.

ఇలా ఎందుకయిందో అర్థం చేసుకుంటే మిగతా పాఠం అంతా తేలికే. మన పీజీ హాస్టళ్లు గుర్తు తెచ్చుకోండి. కొత్త కుర్రాడు బ్యాగుతో వస్తాడు. మేనేజర్ రిజిస్టర్ చూసి, "నీ బెడ్ 37, బయటికెళ్లాలంటే ఈ గేటు" అని చెప్తాడు. రౌటర్‌లో ఆ మేనేజర్ పేరు డీహెచ్‌సీపీ. ఫోన్ వైఫైకి తగులుకోగానే "నాకో అడ్రస్ ఇవ్వండి" అని ఇల్లంతా వినబడేలా అడుగుతుంది. డీహెచ్‌సీపీ ఒక నంబరిచ్చి, బయటికి దారి ఇదీ అని గేట్‌వేని చూపిస్తుంది. ఇప్పుడు పీజీకి ఇద్దరు మేనేజర్లు, ఇద్దరి దగ్గరా వేర్వేరు రిజిస్టర్లు ఉన్నాయనుకోండి. కుర్రాడు ముందు ఎవరు పలికితే వాళ్ల మాట వింటాడు. రెండో మేనేజర్ చూపించే గేటుకి అవతల గోడ ఉందని అతనికి తెలియదు. మా పై అంతస్తు ఆవిడ ఫోన్‌కి జరిగింది ఇదే. రెండో రౌటర్ డీహెచ్‌సీపీ ముందు పలికింది, గేటుగా తననే చూపించింది. అతను కేబుల్ గుచ్చింది దాని ల్యాన్ పోర్టులో, అంటే ఇంటి లోపలి నెట్‌వర్క్ పోర్టులో. బయటి నెట్ అందుకునే వ్యాన్ పోర్టులో ఏ కేబులూ లేదు, ఇక నెట్ ఎక్కణ్నుంచి వస్తుంది?

కాబట్టి ఇంట్లో రౌటర్లు ఎన్నైనా ఉండొచ్చు, అడ్రస్‌లు పంచేది ఒక్కటే ఉండాలి. అది ఫైబర్ బాక్స్ దగ్గరున్న మొదటిదే. రెండోది కేబుల్‌లో వచ్చినదాన్ని వైఫైగా మార్చి ఇవ్వాలి, అంతే. చేతివేళ్లకి పని చెప్దాం.

ముందు మొదటి రౌటర్ సంగతి. దాని అడ్రస్ మీ నోట్‌బుక్‌లో రాసే ఉంటారు, 192.168.1.1 అనుకుందాం. బ్రౌజర్‌లో అది కొట్టి లోపలికెళ్లి, ల్యాన్ సెట్టింగ్స్‌లో డీహెచ్‌సీపీ ఏ అంకె నుంచి ఏ అంకె దాకా పంచుతోందో చూడండి. చాలా బాక్సుల్లో 2 నుంచి 254 దాకా ఉంటుంది. మొదటి అంకెని 20కి మార్చి సేవ్ చేయండి. దీంతో 2 నుంచి 19 దాకా ఉన్న నంబర్లు మన చేతిలో ఉంటాయి. రెండో రౌటర్‌కి మనం 192.168.1.2 ఇవ్వబోతున్నాం. ఈ మార్పు చేయకపోతే ఏదో ఒకరోజు అదే నంబరు చుట్టం ఫోన్‌కి కూడా వెళ్తుంది, అప్పుడొచ్చే తకరారు పట్టుకోవడం చాలా కష్టం.

ఇప్పుడు రెండో రౌటర్. దాన్ని ఇంటి నెట్‌వర్క్‌కి ఇంకా కలపొద్దు. మంచం పక్కనున్న కేబుల్ అలాగే ఉండనివ్వండి. రౌటర్ వెనక రీసెట్ చిల్లులో పిన్ను గుచ్చి, లైట్లన్నీ ఒక్కసారి ఆరి వెలిగేదాకా, దాదాపు 10 సెకన్లు, పట్టుకోండి. పాత ఇంటి సెట్టింగులన్నీ పోతాయి. లాప్‌టాప్‌లో వైఫై ఆపేసి, ఒక చిన్న కేబుల్‌తో దాని ల్యాన్ పోర్టుకి కలపండి. అడ్రసూ పాస్‌వర్డూ రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి.

లోపలికెళ్లాక మూడు పనులు, ఈ వరసలోనే చేయాలి. మొదట వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం మూడూ అక్షరం పొల్లుపోకుండా మొదటి రౌటర్‌లో ఉన్నట్టే పెట్టండి. తర్వాత ల్యాన్ ఐపీని 192.168.1.2కి మార్చండి. సేవ్ నొక్కగానే పేజీ తిరుగుతూ నిలిచిపోతుంది. కంగారు పడకండి, ఏదీ పాడవలేదు. ఇంటి నంబరు మార్చేసి పాత నంబరు తలుపు తడుతున్నారు, అంతే. కేబుల్ ఒకసారి తీసి పెట్టి, బ్రౌజర్‌లో కొత్త అడ్రస్ 192.168.1.2 కొడితే తలుపు తెరుచుకుంటుంది. ఆఖరున డీహెచ్‌సీపీని ఆపండి.

దాన్ని ఆఖరున ఎందుకంటే, ముందే ఆపేస్తే ఐపీ మార్చాక మీ లాప్‌టాప్‌కి కొత్త వరసలో (192.168.1తో మొదలయ్యే) అడ్రస్ ఇచ్చేవాళ్లుండరు. అప్పుడు లాప్‌టాప్ తనకు తానే 169.254తో మొదలయ్యే నంబరు పెట్టుకుని కూర్చుంటుంది. ఆ అంకెలు ఎక్కడ కనబడినా "నాకు అడ్రస్ ఇచ్చేవాడు దొరకలేదు" అని మెషీన్ చెప్తున్నట్టే లెక్క. పొరపాటున ఇలా జరిగితే మళ్లీ రీసెట్ దాకా పోనక్కర్లేదు. రెండో రౌటర్‌ని ఇంటి కేబుల్‌కి కలిపేయండి, మొదటి రౌటరే లాప్‌టాప్‌కి అడ్రస్ ఇస్తుంది, 192.168.1.2 పేజీ తెరుచుకుంటుంది.

ఇప్పుడు మంచం పక్కన పడున్న కేబుల్ తీసుకోండి. దాన్ని రెండో రౌటర్ ల్యాన్ పోర్టులో గుచ్చండి. వ్యాన్ అనో ఇంటర్నెట్ అనో రాసి, వేరే రంగులో ఉండే పోర్టు ఖాళీగానే ఉండాలి. చెయ్యి అలవాటుగా దానివైపే పోతుంది, ఆపండి. ఇంకో మాట. రెండు కేబుళ్లు కలిపితే స్పీడ్ రెండింతలవుతుందని కొందరు రెండు రౌటర్ల మధ్య రెండు కేబుళ్లు వేస్తారు. ఒక్కటే వేయండి. రెండు వేస్తే ఒక రౌటర్ అరిచింది రెండోది అందుకుని వెనక్కి అరుస్తుంది, ఆ అరుపు చుట్టూ తిరుగుతూనే ఉంటుంది, క్షణాల్లో ఇల్లంతా నెట్ చచ్చిపోతుంది.

మీ రౌటర్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటే అది నొక్కితే డీహెచ్‌సీపీ ఆపడం లాంటివి అదే చూసుకుంటుంది, వైఫై పేరూ పాస్‌వర్డూ మాత్రం మీరే సరిచూసుకోవాలి. ఆ మోడ్‌లో కేబుల్ ఏ పోర్టులో పెట్టాలన్నది మోడల్‌ని బట్టి ఉంటుంది. అయినా చేత్తో చేయడం ఒకసారి నేర్చుకోమంటాను. లాఫ్ట్ మీది పాత రౌటర్లలో ఆ మోడ్ చాలావరకు ఉండదు.

వ్యాన్ పోర్టులో పెట్టినా నెట్ వస్తోంది కదా అని మీలో కొందరు అడుగుతారు. వస్తుంది, రెండు రౌటర్ల ల్యాన్ వరసలు వేరుగా ఉంటే. కానీ అప్పుడు ఇంట్లో ఇల్లు కట్టినట్టవుతుంది. హాల్లో ఫోన్‌కి బెడ్‌రూమ్‌లోని ప్రింటర్ కనబడదు, ఫోన్లో వీడియోని అక్కడి టీవీకి పంపలేరు. ఓనర్ నెట్‌నే మీరూ పంచుకుంటూ, మీ ఫోన్లు వాళ్లకి కనబడకూడదనుకుంటే మాత్రం ఆ పద్ధతే మంచిది. అప్పుడు డీహెచ్‌సీపీ ఆపకండి, మీ వరసని 192.168.50 లాంటి దూరపు అంకెకి మార్చుకోండి.

ఇక ఛానెళ్లు, అంటే వైఫై సిగ్నల్ నడిచే లేన్లు. రెండు రౌటర్లకీ వైఫై పేరు ఒకటే, ఛానెల్ మాత్రం వేరుగా ఉండాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 మూడే ఒకదాని మీద ఒకటి పడకుండా ఉంటాయి. మొదటిది 1లో ఉంటే రెండోది 6లోనో 11లోనో పెట్టండి, ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. మన అపార్ట్‌మెంట్లలో పక్కింటి సిగ్నల్స్ ముప్పై దాకా కనబడతాయి, 40 పెట్టుకుంటే ఆ రొద అంతా మీ నెత్తినే పడుతుంది. 5 గిగాహెర్ట్జ్‌లో జాగా ఎక్కువ, అక్కడ రెండు రౌటర్లకీ వేర్వేరు ఛానెళ్లు పెడితే సరిపోతుంది. అది గోడ దాటలేక నీరసపడుతుందనే కదా రెండో రౌటర్ ఆ గదిలోకి తెచ్చాం.

మదనపల్లె వాళ్లింట్లో ఇదంతా అయ్యాక కూడా ఆమె ఫోన్లో నెట్ రాలేదు. అతని మొహం వాడిపోయింది. ఫోన్ ఇంకా పాత నంబరునే పట్టుకుని ఉంది, అంతే. వైఫై ఆపి మళ్లీ వేస్తే 192.168.1.41 వచ్చింది, గేట్‌వే 192.168.1.1. మీ ఇంట్లోనూ పని కాగానే ప్రతి ఫోన్‌కీ, టీవీకీ ఒకసారి అలా చేయండి.

వచ్చే పాఠానికి ముందు మీరు చేయాల్సిన పని. ఒక చిన్న కాగితం మీద 192.168.1.2 అని, ఈరోజు తేదీ రాసి రెండో రౌటర్ మీద అతికించండి. తర్వాత హాల్లో మొదటి రౌటర్ పక్కన నిలబడి ఊళ్లో అమ్మకో నాన్నకో వైఫై మీద వీడియో కాల్ చేయండి. మాట్లాడుతూ మెల్లగా వెనక గదికి నడవండి, మళ్లీ వెనక్కి రండి. ఏ రౌటర్‌ని ఎప్పుడు వదలాలన్నది ఫోనే తేల్చుకుంటుంది, కొన్ని ఫోన్లు పాతదాన్ని ఓ పట్టాన వదలవు. మాట ఎక్కడ తెగిందో, బొమ్మ ఎక్కడ ఆగిందో, ఏ గడప దగ్గరో అంగుళాలతో సహా నోట్‌బుక్‌లో రాసుకోండి. 5వ పాఠం ఆ గడప దగ్గర్నుంచే మొదలుపెడదాం.