నాస్‌లో డిస్క్ పోయిందా? కొత్తది పెట్టే ముందు ఒక్కరోజు ఆగండి

"అన్నా, నాస్ బీప్ బీప్ అని ఆగట్లేదు, మూడో లైటు ఎర్రగా వెలుగుతోంది, డీగ్రేడెడ్ అని చూపిస్తోంది, పొద్దున్నే కొత్త డిస్క్ తెచ్చి పెట్టేస్తా, అంతే కదా" అని ఈమధ్య ఒక రాత్రి ఖమ్మం నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. పెళ్లి వీడియోలు తీస్తాడు, ఎడిటింగ్ ఇంట్లోనే, నాస్‌లో, అంటే నెట్‌వర్క్‌కి కలిపి ఇంట్లో కంప్యూటర్లన్నీ వాడుకునే డిస్కుల పెట్టెలో, నాలుగు 8 టీబీ డిస్కులు రెయిడ్ 5లో (డిస్కులన్నీ ఒకటిగా పనిచేస్తూ, ఒకటి పోయినా తట్టుకునే పద్ధతి) పెట్టుకున్నాడు. "ఆగు తమ్ముడూ, ఆ బీప్ ఒక్కటి ఆపు, ఇంకేం ముట్టుకోకు" అన్నా. తర్వాత గంటసేపు ఫోన్లో చెప్పినవే ఇక్కడ రాస్తున్నా. వైశాఖం పెళ్లిళ్లు, 43 డిగ్రీల ఎండ, సాయంత్రం ఈదురుగాలి రాగానే కరెంటు పోవడం, మూడూ కలిసి వచ్చే రోజులివి. మన లైన్లో ఉన్నవాళ్లకి ఇది ఎప్పుడైనా ఎదురుకావచ్చు.

ముందు ఒకటి మనసులో పెట్టుకోండి. డీగ్రేడెడ్ అంటే డేటా పోయిందని కాదు. రెయిడ్ 5లో ఒక డిస్క్ పోతే మిగతా వాటిలోని డేటా, పారిటీ (పోయినదాన్ని తిరిగి రాబట్టడానికి ముందే రాసిపెట్టుకునే లెక్క) కలిపి పోయినదాన్ని లెక్కగట్టి ఇస్తూనే ఉంటుంది, ఫైళ్లు ఓపెన్ అవుతాయి, కాకపోతే ఇంకో డిస్క్ పోతే తట్టుకునే బలం లేదు. అసలు గండం కొత్త డిస్క్ పెట్టాక మొదలవుతుంది. రీబిల్డ్ అంటే పోయినదాన్ని కొత్త డిస్క్ మీద తిరిగి కట్టడం, దానికి మిగిలిన మూడు డిస్కుల్నీ మొదటి సెక్టార్ (డిస్క్ మీద డేటా రాసే చిన్న గడి) నుంచి చివరి సెక్టార్ దాకా చదవాలి, అంటే ఆ తమ్ముడి సెటప్‌లో 24 టీబీ. సెకనుకి 150 ఎంబీ చొప్పున ఆగకుండా నడిచినా దగ్గరదగ్గర 15 గంటలు, మధ్యలో మీరు వాడుతుంటే ఒకటి రెండు రోజులు కూడా పడుతుంది. ఆ మూడూ ఎక్కువగా ఒకేరోజు ఒకే షాపులో కొన్నవే అయ్యుంటాయి, పోయినదాంతో సమానంగా అరిగినవే. ఇంటి వాడకం డిస్కులు చాలావాటి మీద కంపెనీ రాసే హద్దు ఏంటంటే ఒకటి పక్కన 14 సున్నాలన్ని బిట్లు చదివితే ఒక చదవలేని తప్పు రావచ్చని, అది 12.5 టీబీకి సమానం. నిజానికి మంచి డిస్కులు అంతకంటే బాగానే చదువుతాయి, ఆ నంబర్ చూసి హడలిపోనక్కర్లేదు, కానీ ఏళ్ల తరబడి ఎవరూ తెరవని ఫోల్డర్ కింద ఒక చెడ్డ సెక్టార్ ఉంటే అది బయటపడేది మాత్రం సరిగ్గా ఈ రీబిల్డ్‌లోనే.

అందుకే కొత్త డిస్క్ పెట్టకముందే కాపీ తీసుకోండి. మొత్తం తీయడానికి చోటు లేకపోతే మళ్లీ దొరకనివి ముందు. మనకైతే ఇంకా డెలివరీ ఇవ్వని పెళ్లిళ్ల రా ఫుటేజ్ ఫస్ట్, తర్వాత ఇంటి ఫొటోలు, ఇంటి కాగితాల స్కాన్లు, ఆ తర్వాత ప్రాజెక్ట్ ఫైళ్లు. డౌన్‌లోడ్ చేసిన సినిమాలు చివర్లో, అవి పోయినా పర్లేదు. ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్ తెచ్చి నాస్ వెనక యూఎస్‌బీకి పెట్టి కాపీ కొట్టండి, అయ్యాక ఆ డ్రైవ్‌ని వేరే కంప్యూటర్‌కి పెట్టి పది ఇరవై ఫైళ్లు అక్కడక్కడా ప్లే చేసి చూడండి, సైజు ఒకటే ఉంది కదా అని వదిలేయకండి. ఒక ఇంట్లో పెళ్లైన ఆరు నెలలకి పెళ్లికూతురి నాన్నగారు పోయారు, ఆయన నవ్వుతూ మాట్లాడిన వీడియో వాళ్లకి అదొక్కటే ఉంది, ఆ అమ్మాయి మళ్లీ వచ్చి అడిగినప్పుడు నేను ఇవ్వగలిగా. మన డిస్కుల్లో ఉండేది అలాంటిది, ఈ ఒక్కరోజు బద్ధకించొద్దు.

కాపీ నడుస్తున్నప్పుడే నాస్ మీద రాతలు ఆపేయండి. సీసీటీవీ రికార్డింగ్ దానిలోకే వెళ్తుంటే ఆపండి, టొరెంట్లు, ఫొటో ఇండెక్సింగ్, మీడియా సర్వర్, ల్యాప్‌టాప్‌ల ఆటో బ్యాకప్, అన్నీ. ఆటో అప్‌డేట్ కూడా ఆఫ్ చెయ్యాలి, అర్ధరాత్రి అదే రీస్టార్ట్ అయిపోతే కష్టం, అలాగే రాత్రి 12కి ఆఫ్ అయ్యేలా పవర్ షెడ్యూల్ పెట్టుకున్నవాళ్లు మర్చిపోకుండా తీసేయండి. నెలవారీ స్క్రబ్బింగ్ (డిస్కులన్నీ చదివి తప్పులున్నాయేమో చూసుకోవడం) షెడ్యూల్ ఉంటే ఇప్పటికి వద్దు.

ఇప్పుడు పోయింది నిజంగా డిస్కేనా అని చూడండి. స్మార్ట్ రిపోర్ట్‌లో, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కల్లో, 5వ నంబర్ రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడైతే వేరేచోటికి మార్చినవి), 197 పెండింగ్ (చదవలేక అనుమానంలో పెట్టినవి), 198 అన్‌కరెక్టబుల్ (సరిచేయలేనివి), ఈ మూడూ పెరుగుతుంటే డిస్క్ పనైపోతోందని అర్థం. అవి సున్నాలో ఉండి 199 అంటే సీఆర్సీ ఎర్రర్లు (డేటా దారిలో పాడైన లెక్క) మాత్రమే పెరుగుతుంటే తప్పు కేబుల్‌దో స్లాట్‌దో అయ్యే అవకాశం ఎక్కువ. మిగతా మూడు డిస్కుల రిపోర్ట్ కూడా తప్పకుండా తీయండి, అందరూ ఎర్రలైటు ఉన్నదాన్నే చూసి మిగతావాటిని వదిలేస్తారు. వాటిలో ఒకదానికి 197 కనిపిస్తే మామూలు రీబిల్డ్‌కి దిగొద్దు, ముందు ఆ డిస్క్‌ని డీడీరెస్క్యూ లాంటి కాపీ సాఫ్ట్‌వేర్‌తో వేరే డిస్క్ మీదకి సెక్టార్‌కి సెక్టార్ క్లోన్ తీయించుకోవడం మేలు, చేతకాకపోతే తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లండి, అందులో సిగ్గేం లేదు.

అన్నిటికంటే ఎక్కువ కొంపలు ముంచేది తప్పు డిస్క్ లాగడం. స్క్రీన్ మీద డిస్క్ 3 అంటుంది, కొన్ని పెట్టెల్లో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, కొన్నిట్లో ట్రేలు ఎప్పుడో తారుమారై ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌లో పోయిన డిస్క్ సీరియల్ నంబర్ చూసి కాగితం మీద రాసుకోండి. వీలుంటే నాస్‌ని పద్ధతిగా షట్‌డౌన్ చేసి, ట్రే బయటికి తీసి లేబుల్ మీద అదే నంబర్ ఉందా అని ఇద్దరు కలిసి చదవండి, లేకపోతే మళ్లీ అదే చోట పెట్టండి. నాకు తెలిసిన ఒకాయన నడుస్తున్న మెషీన్లో పక్క డిస్క్ లాగేశాడు, వాల్యూమ్ (డిస్కులన్నీ కలిసిన మొత్తం నిల్వ) అక్కడికక్కడే క్రాష్ అయింది, నాలుగు నెలల పని పోయింది.

కొత్త డిస్క్ పాతదానంత లేదా అంతకంటే పెద్దది ఉండాలి, కాస్త తక్కువున్నా తీసుకోకపోవచ్చు. సీఎంఆర్ రకమే అడగండి, వాటిలో ట్రాకులు ఒకదాని పక్కన ఒకటి విడిగా ఉంటాయి. ఎస్ఎంఆర్ డిస్కుల్లో ట్రాకులు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, ఏకధాటిగా రాస్తుంటే బాగా నెమ్మదిస్తాయి, రీబిల్డ్ రోజులకి రోజులు సాగుతుంది, ఒక్కోసారి టైమవుట్ అయి డిస్క్ బయటికి పోతుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ రెడ్ సిరీస్‌లో 2 నుంచి 6 టీబీ వాటిలో ఎస్ఎంఆర్ ఉందని బయటపడి పెద్ద గొడవైంది, తర్వాత సీఎంఆర్ వాటికి రెడ్ ప్లస్ అని పేరు పెట్టారు, కాబట్టి కొనేటప్పుడు మోడల్ నంబర్ మొత్తం చూడండి. తెచ్చిన వెంటనే రెయిడ్‌లో పెట్టకుండా వేరే కంప్యూటర్లో ఎక్స్‌టెండెడ్ స్మార్ట్ టెస్ట్ పెట్టండి, 8 టీబీకి సగం రోజు పైనే పడుతుంది, ఎలాగూ కాపీ నడుస్తూ ఉంటుంది కదా, ఆ టైమ్ కలిసొస్తుంది.

ఇక కరెంటు. డీగ్రేడెడ్‌లో ఉన్నప్పుడు రాస్తూ రాస్తూ కరెంటు పోతే డేటా ఒకచోట, పారిటీ ఒకచోట ఆగిపోయి, మనం ముట్టని ఫైల్ కూడా పాడయ్యే ప్రమాదం ఉంది. నాస్‌కి విడిగా చిన్న యూపీఎస్ పెట్టి, యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి బ్యాటరీ తగ్గగానే అదే షట్‌డౌన్ అయ్యేలా సెట్ చేయండి. ఇంటి ఇన్వర్టరే దిక్కు అయితే యూపీఎస్ మోడ్, నార్మల్ లేదా ఎకో మోడ్ అని స్విచ్ ఉందేమో చూసి యూపీఎస్ మోడ్‌లో పెట్టండి, నార్మల్‌లో మారే ఆ కాస్త టైమ్‌కే నాస్ ఆరిపోవచ్చు. వాకిట్లో గాలి లేచి మబ్బు పట్టిన సాయంత్రం రీబిల్డ్ మొదలుపెట్టకండి. రాత్రి తొమ్మిది తర్వాత పెడితే వేడి కూడా తగ్గుతుంది. డిస్క్ టెంపరేచర్ 45 లోపు ఉంటే హాయి, 50 దాటితే నేనైతే ఏసీ గదిలోకి మార్చి చేస్తా. మార్చడమంటే ముందే, రీబిల్డ్ మధ్యలో కదిలించొద్దు. ఫ్యాన్‌కి, జాలీకి పట్టిన దుమ్ము కూడా అప్పుడే తుడవండి.

మొదలయ్యాక గంటకోసారి శాతం చూస్తూ కూర్చోనక్కర్లేదు కానీ ఇంకో డిస్క్ ఎర్రర్ చూపిస్తే మాత్రం రీస్టార్టులు కొట్టడం, డిస్కులు లాగి మళ్లీ దోపడం చేయకండి. స్క్రీన్ ఫొటో తీసి, షట్‌డౌన్ చేసి, ఏ డిస్క్ ఏ స్లాట్‌లో ఉందో టేప్ అంటించి రాసిపెట్టండి. ఇనిషియలైజ్, క్రియేట్ న్యూ వాల్యూమ్ అని అడిగితే నో. డిస్క్‌ని విండోస్‌కి పెడితే ఫార్మాట్ చేయాలా అని అడుగుతుంది, దానికీ నో. లైనక్స్‌లో నాస్ సొంతంగా కట్టుకున్నవాళ్లు రెయిడ్ నడిపే ఎండీఆడం అనే టూల్‌లో క్రియేట్ కమాండ్‌తో పాతదాన్ని తిరిగి లేపాలని చూడకండి, డిస్కుల వరస ఒక్కటి తప్పినా అసలు డేటా మీదే రాసేస్తుంది.

రీబిల్డ్ అయిపోయి పచ్చలైటు వచ్చినా ఆ ఎక్స్‌టర్నల్ డ్రైవ్ వెంటనే చెరపకండి. ఓ వారం మామూలుగా వాడి, తర్వాత స్క్రబ్బింగ్ ఒకసారి పూర్తిగా నడిపి, తప్పులేం లేవని చూశాక వారంటీ ఉంటే పాత డిస్క్ పంపించండి. ఆ తమ్ముడికి కాపీ తీయడానికే రెండు రాత్రులు పట్టింది. నిన్న తెల్లవారుజామున రీబిల్డ్ అయిందని మెసేజ్ పెట్టాడు, ఇప్పుడు 197లో రెండు చూపిస్తున్న ఇంకో డిస్క్ మార్చడానికి ఆర్డర్ పెట్టాడు, ఈసారి టెస్ట్ అయ్యేదాకా కవర్ కూడా పారేయనన్నాడు.